బందరు రోడ్డు మీద ఒక దినము

కాశీ రామేశ్వరములు సేవించి వచ్చినవారిని మనము గౌరవముతో పలుకరింతుము. వారు తెచ్చిన గంగచెంబునకు పూజ చేయుదుము. కాని మన యూరి నడిబొడ్డున, మనము కూరలు కొనబోవు త్రోవలో, బస్సు కొరకు వేచియుండు చోటున ఏ కట్టడమున్నది, దాని నెవరు కట్టించిరి, అందేమి జరిగినది అని ఎవరైన నడిగినచో మనలో పెక్కుమంది తెల్లబోవుదుము. దూరపు కొండలు నునుపన్న సామెత ఇందులకే పుట్టినది కాబోలు. ఈ మాట సోదరీమణుల నెవరినో దెప్పుటకు వ్రాయుటలేదు. మాకు జరిగిన చిన్నతనమే ఈ వ్యాసమునకు మూలము.

కొన్నాళ్ల క్రిందట మా పిల్లవాడు చరిత్రపాఠము చదువుచు, 1921వ సంవత్సరమున విజయవాడలో జరిగిన కాంగ్రెసు సభకు పింగళి వెంకయ్యగారు జెండాను తెచ్చిన ముచ్చట వచ్చుసరికి ఆగి, "విజయవాడలో ఎక్కడమ్మా?" అని అడిగినాడు. మేము ఉయ్యూరు చెంత నుండువారము. నెలకు రెండుమారులైన బెజవాడ పోవుదుము. బట్టలకై పోవుదుము, వైద్యునికై పోవుదుము, కనకదుర్గమ్మవారి దర్శనమునకై పోవుదుము. ఐనను ఆ పసివాని ప్రశ్నకు మా నోట జవాబు రాలేదు. బడిలో చరిత్ర చెప్పు మా వారు ప్రక్కగదిలోనుండి, "బందరు రోడ్డు మీదనే. మీరు వందమారులు దాని ముందునుండే బస్సులో పోయినారు" అని నవ్విరి. ఆ నవ్వు మా మనస్సున ముల్లువలె గ్రుచ్చుకొన్నది. ఆ వారములోనే ఒక సెలవునాడు పులిహోరయు దద్దోజనమును కట్టుకొని, అత్తయ్యగారిని పిల్లల నిద్దరిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి.

బందరునకు, అనగా మచిలీపట్నమునకు, పోవు త్రోవ గనుక అది బందరు రోడ్డైనది. దానికి మహాత్మాగాంధీ రోడ్డని పేరుపెట్టి చాలకాలమైనది. కాగితములమీద ఆ పేరే యుండును. కాని ఆటోవాని నడుగుడు, పూలమ్మునామె నడుగుడు, బందరు రోడ్డనియే చెప్పుదురు. పేర్లు మారుట, మారినను పాతపేరు జనుల నాలుకపై నిలుచుట అను ఈ వింత ఆ దినమంతయు మాకు ఎదురగుచునే యుండెను.

బస్సు దిగినతోడనే మొదట కృష్ణ యొడ్డునకు పోతిమి. ఏలయన, బెజవాడలో ఏ గోడ కథ చెప్పవలెనన్నను ఆనకట్టతో మొదలుపెట్టక తప్పదు. 1832-33 సంవత్సరముల నాటి కరవును మన పెద్దలు నందన కరవనియు డొక్కల కరవనియు చెప్పుకొనెడివారు. ఒక్క గుంటూరు మండలముననే లక్షకు మించిన జనము ఆకలికి బలియైరి. కృష్ణ నిండుగా పారి సముద్రమున గలియుచుండగా దాని యొడ్డుననే మనుష్యులు గంజి లేక ప్రాణములు విడిచిరి. అటుతరువాత గోదావరిమీద ధవళేశ్వరమున కాటను దొరగారు ఆనకట్ట కట్టించి చూపగా, కృష్ణమీద బెజవాడయొద్ద 1852లో పని మొదలై 1855లో ముగిసినది. దగ్గరనుండి కట్టించినవాడు కెప్టెన్ ఓర్ అను ఇంజనీరు. ఆ ఆనకట్టనుండి తీసిన కాలువలే నేడు పట్టణమును చీల్చుకొని పోవు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవిసు కాలువ. మన యిండ్లలో ఉడుకు ప్రతి మెతుకును ఆ కాలువల ఋణమే. 1893లో కృష్ణమీద రైలువంతెన వచ్చిన పిమ్మట, నీరును ఇనుమును కలిసి ఒక చిన్నయూరిని మహాపట్టణముగా చేసినవి.

నూరేండ్లు పనిచేసిన ఆ పాత ఆనకట్ట 1952లో గండిపడినది. దానికి ఎగువను 1954లో మొదలుపెట్టి 1957లో ముగించిన కట్టడమే ఇప్పుడు మనము చూచు ప్రకాశం బరాజు. డెబ్బది తలుపులు గలిగి, పైన బండ్లు పోవు త్రోవ గలిగి, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేర వెలసినది. 2024 సెప్టెంబరు 2వ తేదీన 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద దీని తలుపుల గుండా దాటినది. కొట్టుకొనివచ్చిన పడవలు తగిలి తలుపుల కాపుబరువులు దెబ్బతిన్నను బరాజు నిలిచినది. ఆ దినములలోనే బుడమేరు పొంగి సింగునగరు మొదలగు పేటలలో జనము దినముల తరబడి మేడలపై గడపిరి. నీరు మనకు అన్నపూర్ణయే. కాని ఆమె కోపమును మరచుట తగదు.

అత్తయ్యగారు మెట్లు దిగి, నీటిలో పసుపు కుంకుమలు విడిచి నమస్కరించిరి. మా అమ్మాయికి ఏడేండ్లు. అది ఏమి చూచినను "ఇది ఎవరిది?" అని అడుగు వయస్సు. "నాయనమ్మా, ఇది ఎవరిది? ఎవరు కట్టారు?" అని అడిగినది. "దొర పేరు పుస్తకంలో ఉంటుంది. రాయి మోసినవాళ్ల పేరు రాసేదెవరే తల్లీ!" అని అత్తయ్యగారు కొంగు పిండుకొనుచు పైకి వచ్చిరి. ఆమె అనిన మాట సత్యము. ఓర్ దొర పేర ఇచ్చట ఒక కొండయే యుండెడిది. 1968లో దానిపై గాంధీ స్తూపమును నాటి రాష్ట్రపతి జాకిర్ హుసేనుగారు ఆవిష్కరించిరి. ఓర్ కొండ గాంధీకొండయైనది. రాళ్లు మోసిన స్త్రీపురుషుల పేర ఎన్నడును ఏ కొండయు లేదు.

అచ్చటినుండి ఆటో ఎక్కి బందరు రోడ్డు మీదనున్న పాత విక్టోరియా జూబిలీ భవనమునకు పోతిమి. మా పిల్లవాని ప్రశ్నకు జవాబు అదే. విక్టోరియా రాణి సింహాసన మెక్కి ఏబదియేండ్లు నిండిన సందర్భమున, 1887 జూన్ 27వ తేదీన, నాటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్టు స్యూయెల్ దీనికి పునాదిరాయి వేసిరి. ఈ స్యూయెల్ దొర ఉత్త అధికారి కాడు. 1877లో అమరావతి స్తూపమును త్రవ్వించినది ఆయనయే. 1900లో విజయనగర సామ్రాజ్య చరిత్రను ఆంగ్లమున ప్రకటించి, మరుగుపడిన హంపీ వైభవమును లోకమునకు చాటినదియు ఆయనయే. అట్టివాని చేతిమీదుగా పుట్టిన భవనము కడకు శిల్పములకు నిలయమగుట దైవఘటన యనవలెను.

ఐతే శిల్పములు వచ్చుటకు ముందు దానికి వేరొక భాగ్యము పట్టినది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము ఇచ్చట సమావేశమైనది. గాంధీగారు వచ్చిరి. దేశపు నలుమూలలనుండి నాయకులు వచ్చిరి. రాణీగారి ఏలుబడికి గుర్తుగా కట్టిన కప్పు క్రిందనే ఆ ఏలుబడిని ఎట్లు తొలగింపవలెనో ఆలోచించిరి. జూన్ 30లోగా తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెను, కాంగ్రెసునందు కోటిమందిని చేర్చవలెను, ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెను అని నిర్ణయించుకొనిరి. సోదరీమణులు ఈ మూడు లెక్కలను మరియొకమారు చదువుకొందురు గాక! వీనిలో మూడవది ఇంటింట ఎవరి చేతులతో నెరవేరవలెను? సభలో తీర్మానించినవారు పురుషులు. రాట్నము ముందు కూర్చుండవలసినవారు మనవారు. స్వరాజ్యనిధికి సైతము ఎన్ని యిండ్లలో మెడలోని గొలుసులు, చేతి గాజులు తరలిపోయెనో! ఏలూరులో మాగంటి అన్నపూర్ణాదేవిగారు తన నగలన్నియు ఒలిచి గాంధీగారి చేతిలో పెట్టిన కథ ఆంధ్రదేశ మెరిగినదే.

ఇక జెండా ముచ్చట. పింగళి వెంకయ్యగారు మన దివిసీమకు ఇరుగుపొరుగువారే. మచిలీపట్నమునకు చేరువనున్న భట్లపెనుమర్రున పుట్టిరి. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిరి. కంబోడియా ప్రత్తిమీద చేసిన కృషివలన జనులు ఆయనను పత్తి వెంకయ్య యని పిలిచెడివారు. జాతీయ పతాక మెట్లుండవలెనో చూపుచు 1916లోనే ఒక ఆంగ్ల గ్రంథమును ప్రకటించిరి. బెజవాడ సభకు వచ్చిన గాంధీగారు, ఎరుపు ఆకుపచ్చ రంగులపై రాట్నము గల జెండా నొకదానిని వ్రాసి యిమ్మని ఆయనను కోరిరి. రాట్న ముండవలెనన్న ఊహ జలంధరునకు చెందిన లాలా హంసరాజుగారిది. వెంకయ్యగారు మూడే గంటలలో జెండాను సిద్ధము చేసి తెచ్చిరి.

ఇచ్చట ఒక చిన్న సత్యము చెప్పవలసియున్నది. ఆ సభ లేచి నిలిచి ఆ జెండాను ఆమోదించినదని పలువురు చెప్పుదురు. నిజమునకు, జెండా వచ్చుసరికి సభకు సమర్పించు సమయము దాటినదని గాంధీగారే ఆ ఏప్రిలు నెలలో యంగ్ ఇండియా పత్రికలో వ్రాసిరి. ఆలస్యమగుటయే మేలైనదని కూడ తలచిరి. ఏలయన, ఆ వ్యవధిలో ఆలోచించగా తక్కిన మతములవారికిని చోటుండవలెనని తోచి, తెలుపురంగును చేర్చవలెననుకొనిరి. ఆ విధముగా ఆ కొద్ది ఆలస్యము వలన జెండాలోనికి అందరును వచ్చిరి. 1931లో కాషాయము, తెలుపు, ఆకుపచ్చ రంగులుగా అది కుదురుకొన్నది. 1947 జూలై 22న రాజ్యాంగసభ రాట్నమునకు మారుగా అశోకుని ధర్మచక్రము నుంచి దానిని స్వతంత్ర భారత పతాకముగా స్వీకరించినది.

వెంకయ్యగారు 1963 జూలై 4వ తేదీన ఈ బెజవాడలోనే కన్నుమూసిరి. దేశమునకు జెండా నిచ్చిన ఆ మహనీయుని తుదిదినములు పేదరికముననే గడచినవి. 2009లో ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వచ్చినది. మేము ఈ సంగతి చెప్పుచుండగా మా పిల్లవాడు చాలసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, "ఆయనకి అప్పుడే డబ్బులు ఇచ్చి ఉండాల్సింది కదమ్మా" అనినాడు. ఆ మాటకు మా యొద్ద సమాధానము లేదు. బ్రతికియుండగా కడుపు చూడక, పోయిన పిదప బొమ్మ చూచుట మన జాతికి అలవాటైన తప్పు. మన యిండ్లలోని వృద్ధుల విషయమునను ఇది చెల్లును.

1962లో ఈ భవనము పురావస్తుశాఖవారి చేతికి వచ్చి మ్యూజియమైనది. 2020లో క్రొత్తగా తీర్చిదిద్ది బాపు మ్యూజియమని పేరిడిరి. లోపల కత్తులు, నాణెములు, ఆదిమానవుల రాతి పనిముట్లు కలవు. కాని మమ్ము కదలనీయనిది అల్లూరునుండి వచ్చిన తెల్లరాతి బుద్ధమూర్తి. ఇంచుమించు పదునారు పదునేడు వందల యేండ్ల వెనుక మన కృష్ణాతీరపు శిల్పి చెక్కిన నిలువెత్తు విగ్రహమది. వస్త్రపు మడతలు భుజముమీదనుండి జారిపడు తీరు చూచిన, రాయి యని నమ్మ మనసొప్పదు. అత్తయ్యగారు అసంకల్పితముగా చేతులు జోడించిరి. అమ్మాయి మరల, "ఇది ఎవరి ఇల్లు?" అని అడిగినది. "మొదట రాణిది, తరువాత గాంధీతాతది, ఇప్పుడు ఈ బుద్ధుడిది" అని అన్న చెప్పినాడు. దానికది నచ్చలేదు. "ముగ్గురూ లేరుగా ఇప్పుడు" అనినది.

చెట్టునీడన కూర్చుండి తెచ్చుకొన్నది తిని, రామమోహన గ్రంథాలయమునకు పోతిమి. ఇంతటి మేడను చూచి వచ్చిన కన్నులకు గ్రంథాలయము సామాన్యముగా తోచవచ్చును. కాని మన గృహములలోనికి అక్షరము నడచివచ్చిన దారి ఇచ్చటినుండియే. సతీసహగమనమును మాన్పించుటకై పోరాడిన రాజా రామమోహన రాయలవారి పేరు దీనికి పెట్టిన పెద్దల మనస్సెట్టిదో చూడుడు. 1914 ఏప్రిల్ 10వ తేదీన ఆంధ్రదేశపు గ్రంథాలయములవారందరు ఇచ్చట కూడి, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఒక సంఘమును స్థాపించుకొనిరి. ఇట్టి సంఘము భారతదేశమున అదియే మొదటిది. దాని వెనుక నిలిచినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. అప్పటికి ఆయనకు ఇరువదినాలుగేండ్లైన నిండలేదు. గ్రంథాలయ సర్వస్వమను పత్రికను నడపి, ఊరూర తిరిగి, జీవితమంతయు పుస్తకములకే ధారపోసిరి. 1972లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించినది.

గ్రంథాలయము పట్టణమందే నిలిచిపోయిన గ్రామములవారి గతి యేమి? ఈ ప్రశ్నకు మన డెల్టావారు ఇచ్చిన జవాబు అత్యంత రమణీయమైనది. 1935లో పెదపాలెము గ్రంథాలయమువారు, పాతూరి నాగభూషణముగారి పూనికతో, కృష్ణా పడమటి కాలువలో పుస్తకముల పడవను నడిపిరి. ధాన్యపు బస్తాలు పోవు కాలువలోనే కథలు, పురాణములు, పత్రికలు ప్రయాణము చేసి ఒడ్డున నున్న యూళ్లకు చేరినవి. కాలువగట్టునకు స్త్రీలు నీళ్లకు పోవుదురు, బట్టలుతుకుటకు పోవుదురు. గడప దాటరాదన్న ఇంటిలోనైనను కాలువరేవునకు పోవుటకు అడ్డులేదు. పుస్తకము ఆ రేవునకే వచ్చినది! దొరలు పైరుకొరకు త్రవ్వించిన కాలువ, మనవారి చేతిలో చదువుకొరకును పారినది. కట్టించినవారి ఉద్దేశ మొకటి, వాడుకొన్నవారి తెలివి యొకటి. ఆ దినము మేము చూచిన ప్రతి కట్టడమునకును ఈ మాట చెల్లినది.

అటనుండి స్వరాజ్య మైదానమునకు పోతిమి. ప్రతి యింటికిని ముంగిలి యున్నట్లు ప్రతి పట్టణమునకును ఒక ముంగిలి యుండును. బెజవాడ ముంగిలి ఈ మైదానము. పెద్దలు దీనిని నేటికిని పి.డబ్ల్యు.డి. గ్రౌండ్సు అనియే పిలుతురు. ఆనకట్టను కాలువలను చూచుకొను ప్రజాపనుల శాఖవారి నేల గనుక ఆ పేరు వచ్చినది. సభలు ఇచ్చటనే జరిగెడివి, ప్రదర్శనశాలలు ఇచ్చటనే వెలసెడివి, కూరగాయల బజారు ఇచ్చటనే యుండెడిది. 1989లో మొదలైన పుస్తక మహోత్సవము, జనవరి 1వ తేదీనుండి పదునొకండు దినములు, ఎన్నో సంవత్సరములు ఇచ్చటనే జరిగినది. ధనుర్మాసపు చలిలో పిల్లల చేతులు పట్టుకొని, దుమ్ములో నడచి, ముగ్గుల పుస్తకము మొదలు మహాభారతము వరకు బేరమాడి కొని మోసుకొనివచ్చిన దినములు మాలో ఎందరికో జ్ఞాపక మున్నవి. ఇప్పుడా ఉత్సవము వేరుచోట జరుగుచున్నది.

మైదానమున ఇప్పుడు నిలిచియున్నది డాక్టరు అంబేద్కరుగారి విగ్రహము. 2024 జనవరి 19వ తేదీన ఆవిష్కరించిరి. ఎనుబది యొక్క అడుగుల పీఠముపై నూట ఇరువదియైదు అడుగుల మూర్తి, మొత్తము 206 అడుగుల ఎత్తు. ఆటస్థలము తగ్గినదని కొందరు అనుకొందురు, పట్టణమునకు శోభ వచ్చినదని కొందరు అనుకొందురు. ఆ తర్కము మాకేల? మాకు అచ్చట తోచినది వేరొక సంగతి.

రాజ్యాంగమును వ్రాసినవారని అంబేద్కరుగారిని మనమందర మెరుగుదుము. కాని స్త్రీలకు ఆస్తిహక్కును వివాహహక్కులను కల్పించు హిందూ కోడు బిల్లును నెగ్గింపలేకపోయినందుననే ఆయన ముఖ్యముగా నొచ్చుకొని, 1951లో న్యాయశాఖ మంత్రిపదవిని వదలిరని మనలో నెందరెరుగుదురు? ఆ బిల్లు తరువాత ముక్కలు ముక్కలుగా చట్టమైనది. 1956 నాటి వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమందు కూతురికి వాటా నిచ్చినది. ఐతే తాతముత్తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో ఆమెను కొడుకుతో సమానముగా నిలుపలేదు. ఆ లోటు తీర్చుటకు మన ఆంధ్రప్రదేశమే ముందడుగు వేసి, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలునకు వచ్చునట్లు, పెండ్లికాని కూతుళ్లకు కొడుకులతో సరిసమానమైన హక్కు నిచ్చినది. దేశమంతటికి అట్టి చట్టము వచ్చుటకు 2005 వరకు పట్టినది.

ఇది పిల్లలకు చెప్పుచుండగా అత్తయ్యగారు పీఠము వంక చూచుచు నిలిచిరి. "పెళ్లికాని కూతుళ్లకేనా?" అని అడిగిరి. అవునంటిమి. "నా పెళ్లి డెబ్బయ్యారులో అయింది" అనిరి. కొంతసేపటికి, "మా నాన్న పసుపు కుంకుమకింద ఎకరం ఇచ్చాడు. తమ్ముళ్లు తలా ఎనిమిదెకరాలు పంచుకున్నారు. వాళ్లు మంచివాళ్లే. ఏటా సంక్రాంతికి చీర పెడతారు. నాకు ఎనిమిది రావాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు" అని పలికిరి. ఆమె కంఠమున కోపము లేదు. దుఃఖమును లేదు. లెక్క చూచుకొనువారి నెమ్మది మాత్రమే యుండెను. ఉదయము అదే చేతితో ఆమె కృష్ణకు పసుపు కుంకుమలు సమర్పించుట మాకు జ్ఞాపకము వచ్చి, ఏమియు అనలేకపోతిమి. పదునెనిమిదేండ్లు ఒక్క యింటిలో నున్నను ఆమె ఈ మాట ఎన్నడును మాతో అనలేదు. ఒక మైదానము, ఒక విగ్రహము ఆమెచేత అనిపించినవి. రాతికట్టడముల ప్రయోజనమేమని అడుగువారికి ఇంతకంటె మేము చెప్పగలది లేదు.

ప్రొద్దు వాలుచుండెను. ఇంటి దారి పట్టితిమి. బందరు రోడ్డు మీదనే పున్నమ్మతోటయొద్ద ఆకాశవాణి కేంద్రమున్నది. "ఒక్క నిమిషం దిగుదాం" అని అత్తయ్యగారే కోరిరి. 1938 జూన్ నుండి మదరాసు కేంద్రము తెలుగు వినిపించుచుండినను, మన గడ్డమీద 1948 డిసెంబరు 1వ తేదీన ఈ బెజవాడ కేంద్రము వెలసినది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, ఓలేటి వేంకటేశ్వర్లుగారు, శ్రీరంగం గోపాలరత్నంగారు మొదలగు మహామహుల గానము ఇచ్చటినుండి వెలువడి డెల్టాలోని ప్రతి వంటయింటను వినబడినది. భక్తిరంజనితో ప్రొయ్యి రాజుకొనెడిది. స్త్రీల కార్యక్రమముతో మధ్యాహ్నపు అలసట తీరెడిది. సంగీతము నేర్చుకొనుటకు నోచుకోని ఆడపిల్లలు ఎందరో చెవులతోనే కీర్తనలు నేర్చిరి.

మేము లోనికి పోలేదు. ద్వారము వెలుపలనే నిలిచితిమి. అత్తయ్యగారు ఆ ఆవరణ వంక చూచుచు, "ఇక్కణ్ణించేనా వచ్చేది!" అనిరి. పదునారేండ్ల ప్రాయమున, పుట్టింటి వంటింటిలో రుబ్బురోలు ముందు కూర్చుండి ఆమె నేర్చిన పాటలు నేడు మా అమ్మాయికి వచ్చును. ఆమె పాడగా మేము వింటిమి, మేము పాడగా అమ్మాయి నేర్చినది. పుట్టింటినుండి ఆమెకు పూర్తిగా దక్కిన వాటా ఇదియేనేమో యని ఆ ద్వారము ముందు మాకు తోచినది.

బస్సులో అమ్మాయి మా యొడిలో తల పెట్టుకొని, నిదుర కన్నులతో మరల అదే అడిగినది: "అన్నీ ఎవరివో చెప్పలేదు." ఈమారు జవాబు మాకు దొరికినది. రాణీ పేర కట్టినది రాణిది కాలేదు. దొర త్రవ్వించిన కాలువ దొరది కాలేదు. ఎవరు వచ్చి కూర్చుండిరో, ఎవరు చదివిరో, ఎవరు వినిరో, ఎవరు తమ కష్టమును తలచుకొని నిలిచిరో వారిదే ఆ చోటు. పేరు పలకలు మారుచునే యుండును. ఇప్పుడున్నవియు ఒకనాడు మారవచ్చును. కాని అచ్చట జరిగినదానిని తెలిసి, పిల్లలకు చెప్పుకొనువా రున్నంతకాలము ఆ కట్టడము నిలిచియున్నట్లే. తెలియనివారికి అది ఎదుట నున్నను లేనట్లే. మేము ఇన్నేండ్లు దాని ముందునుండి పోవుచు చూడకుండిన రీతిగానే. "మనవే" అని చెప్పితిమి. అది అప్పటికే నిదురించినది.

కావున సోదరీమణులకు మా మనవి యొక్కటే. మీరు ఈమారు పట్టణమునకు పోయినప్పుడు, చీరలకొట్టున గడపు గంటలలో ఒక్క గంటను తీసి, మీ త్రోవలోనే యున్న ఒక పాతకట్టడమునకు ఇండు. ఇంటిలోని పెద్దవారిని వెంటబెట్టుకొని పొండు. గోడలు చెప్పనివి వారు చెప్పుదురు. మీది బందరైనను, ఏలూరైనను, తెనాలియైనను అట్టి చోటు లేకపోదు.

ఆ రాత్రి మా పిల్లవాని పుస్తకము సర్దుచుండగా, 1921 నాటి ఆ పాఠము ప్రక్కన వాడు పెన్సిలుతో వ్రాసికొన్న మాటలు కనబడినవి: "బందరు రోడ్డు మీద. నేను చూశాను. నాయనమ్మ కూడా చూసింది."